ఋణం వేరు, అప్పు వేరు

అధికార భాషా వారోత్సవాలు ఏటా వచ్చేవే. గేటుకి బ్యానరు కట్టడం, జ్యోతి వెలిగించడం, ఒక రిటైరైన పండితుడికి శాలువా కప్పి ఆటో ఎక్కించడం, దాంతో తెలుగు మరో ఏడాదిపాటు బతికిపోయేది. ఆ ఏడాది మాత్రం అనుబంధ వైద్య విద్యా మండలి వారికి భాషాభిమానం కాస్త పాలెక్కువైంది. పైనుంచి ఇంగ్లీషులో దిగిన ఒక ఉత్తర్వుని తెలుగు చేసి మరీ కాలేజీలకి పంపాలని తీర్మానించుకున్నారు.

ఉత్తర్వు నిజానికి బుద్ధిగలదే. పారామెడికల్ డిప్లొమా పిల్లలు చదువుకోసం ఎంత అప్పు చేస్తున్నారు, చదివాక ఎంత సంపాదిస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, గిట్టుబాటవుతుందో లేదో తేల్చి పట్టా చేతికివ్వండి అన్నారు. రాసినవాళ్ళెవరో పిల్లలమీద జాలితోనే రాసుంటారు. కాని దాన్ని తెలుగు చేసిన అధికారికి "అప్పు" అన్న మాట మింగుడుపడలేదు. ప్రభుత్వ కాగితం మీద అప్పు అని రాస్తే కిరాణా కొట్లో వేలాడే "అప్పు రేపు" అట్టముక్కలా ఉంటుందని ఆయన బాధ. అందుకని "విద్యార్థి యొక్క సమస్త ఋణములను, భావి ఆదాయమును తూచి" అని రాశారు. పనిలో పనిగా అడుగున ఒక గమనిక కూడా చేర్చారు. "ఇకమీదట కార్యాలయ పత్రములయందు అప్పు వంటి గ్రామ్య పదములు వాడరాదు. వాడినచో అట్టి పత్రము చెల్లనేరదు."

చినగరువు పారామెడికల్ కాలేజీలో ఆ గమనిక దెబ్బ మొదట తగిలింది సీనియర్ అసిస్టెంటు అప్పారావుకి. ప్రిన్సిపాల్ కొల్లాబత్తుల ప్రకాశరావు గారు కామాలతో సహా ఉత్తర్వులు పాటించే మనిషి. మర్నాటికల్లా అప్పారావు బల్లమీద పేరు చెక్క మారి "శ్రీ ఋణారావు" అయి కూర్చుంది. అప్పారావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దుమ్ము తుడిచి, ఎక్కడుండేదో అక్కడే పెట్టుకున్నాడు. పెన్షను దగ్గరపడ్డవాడు పేరుకోసం పేచీ పెట్టుకోడు.

ఆ కాలేజీలోనే పెచ్చెట్టి వీరవేణి డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా పాసైంది. కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, నెలకి పద్నాలుగు వేలు. షరతు ఒక్కటే. ఒకటో తారీఖుకి ఒరిజినల్ పట్టాతో వచ్చి చేరాలి, లేకపోతే వరసలో తరవాతి మనిషిని తీసుకుంటారు.

వీరవేణి తల్లి మంగాయమ్మ రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్ల చదువుకోసం డ్వాక్రాలో నలభై వేలు, షెడ్డు ఓనరు దగ్గర ప్రోనోటు మీద యాభై వేలు తెచ్చింది. నోటుకి మూడేళ్ళు నిండబోతుంటే, కాలదోషం పట్టకుండా మొన్ననే తిరగరాసింది కూడా. చదువు గిట్టుబాటవుతుందా అని ఆవిణ్ణి అడిగితే చేతిలో రొయ్య తల తీస్తూనే చెప్పింది.

"గదికీ తిండికీ ఆరేలు పోయినా ఎనిమిదేలు మిగుల్తాయి. అందులో అయిదేలు అప్పులకి కట్టుకుంటే వడ్డీతో కలిపి రెండేళ్ళలో ఒడ్డునపడిపోతాం."

మండలి వారు అడిగిన లెక్క ఇదే. ఇది అక్కడితో ఆగిపోతే అందరూ సుఖపడేవాళ్ళు.

వీరవేణి ఆ వివరాలు ఒక తెల్లకాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చింది. అప్పారావు దాన్ని ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాడు.

"ఈ తొంభై వేలేమిటయ్యా, ఋణారావ్?"

"అప్పండి."

"ఆ మాట అనకూడదు."

"ఋణమండి."

"ఇది ఋణమని నీకెవరు చెప్పారు? వాళ్ళకి అప్పు సంగతే కావాలంటే అప్పు అనే రాసేవాళ్ళు కదా."

"అప్పు అని రాయకూడదన్నారు కదండి."

"అదీ! అంటే అప్పు గురించి అసలు ఎత్తవద్దనే కదా వాళ్ళ భావం. ఋణం అన్నారంటే అందులో ఏదో లోతు ఉంది. స్పష్టత కోరుతూ మండలికి రాయి."

మండలినుంచి జవాబు చురుగ్గానే వచ్చింది. "ఉత్తర్వులోని పదములు స్వయముగా స్పష్టములు. అయినను అస్పష్టత గోచరించినచో స్థానిక భాషా నిపుణుని సంప్రదించవలెను."

స్థానిక భాషా నిపుణుడంటే కిందటేడు శాలువా కప్పి ఆటో ఎక్కించిన చర్ల మృత్యుంజయశర్మ గారే. ఆయన్ని మళ్ళీ ఆటోలోనే పిలిపించారు. కూర్చున్నరోజుకి ఇంత అని భత్యం నిర్ణయించి "ఋణ నిర్ధారణ సంఘం" అని పేరు పెట్టారు. రోజుకింత అన్నాక శర్మగారు విషయాన్ని ఎంత లోతుకి తవ్వారంటే, పైకి రావడానికి ఎవరికీ దారి కనపడలేదు.

సంఘం ముందుకి మొదట పిలిచింది వీరవేణినే. ఆ పిల్లకే తొందర ఎక్కువ, రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతోంది.

"మనిషి పుట్టడమే మూడు ఋణాలతో పుడతాడు," అన్నారు శర్మగారు కళ్ళు మూసుకుని. "దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. ఆపైన గురువు ఋణం, తల్లి ఋణం."

"అయిదు కాలమ్‌లు గీయవయ్యా ఋణారావ్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"సార్, డ్వాక్రా నలభై వేలూ, నోటు యాభై వేలూ ఎందులో వస్తాయండి?" అంది వీరవేణి.

"అమ్మాయీ, అవి అప్పులు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. " ఇక్కడ అడుగుతున్నది ఋణాలు. ఋణం వేరు, అప్పు వేరు. అప్పు అన్నది ఈ ఆఫీసు కాగితాలమీదికి రాదు. వచ్చిందంటే ఆ కాగితం చెల్లదు. కాబట్టి నీకు అప్పులు లేనట్టే."

లేనట్టే అన్న మాటకి వీరవేణికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఈ ఉత్తర్వు షెడ్డు ఓనరుకి కూడా వర్తిస్తుందేమో అడుగుదామనుకుంది గాని ధైర్యం చాల్లేదు.

"దేవుడికి ఏమైనా బాకీ ఉన్నావా?" శర్మగారు అడిగారు.

"అనాటమీ పాసైతే మూడు కత్తెర్లు ఇస్తానని అంతర్వేదిలో మొక్కుకున్నానండి. ఇంకా వెళ్ళలేదు."

మూడు కత్తెర్ల జుట్టు విలువ కట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ నిబంధన ప్రకారం దేనికైనా మూడు కొటేషన్లు ఉండాలి కనక, మూడు కత్తెర్లకీ మూడు మంగలి షాపులనుంచి కొటేషన్లు తెప్పించారు. తక్కువ చెప్పినవాణ్ణి ఖాయం చేశారు.

ఋషి ఋణం అంటే జ్ఞానం ఇచ్చినవాళ్ళకి పడే బాకీ. కాలేజీలో జ్ఞానం ఇవ్వడానికి ఒక డయాలసిస్ మిషను ఉంది. పెద్దవాళ్ళెవరైనా వచ్చి రిబ్బను కత్తిరిస్తేగాని వాడకూడదని దాని అట్టపెట్టె ఇంతవరకు విప్పలేదు. పిల్లలు రెండేళ్ళూ పెట్టె చుట్టూ నిలబడి, పక్కన అచ్చేసిన బొమ్మ చూసి పాఠం నేర్చుకున్నారు. అసలు పని వాళ్ళకి జిల్లా ఆస్పత్రిలో ట్రైనింగుకి వెళ్ళాకే పట్టుబడింది.

"కంటితో చూడకుండా తెలుసుకోవడమే ఋషుల పద్ధతి," అన్నారు శర్మగారు. "పెట్టె విప్పకపోవడం వల్ల ఋణం పెరుగుతుందే గాని తగ్గదు."

గురువు ఋణం దగ్గర కొంచెం చిక్కు వచ్చింది. అనాటమీ లెక్చరర్ పోస్టు మొదటినుంచీ ఖాళీ. లేని గురువుకి ఈ పిల్ల ఎంత ఋణపడి ఉందో తేలలేదు. ప్రిన్సిపాల్ గారే ఆలోచించి తేల్చారు. "పోస్టు మంజూరై ఉంది కదా. అంటే గురువు ఉన్నట్టే. మనిషే లేడు. పూర్తి జీతం ఋణం కింద వెయ్యి."

ఇక ఆదాయం. వీరవేణి ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఉత్తరం బల్లమీద పెట్టింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని వేలి కొసతో పక్కకి జరిపారు.

"ఇది ఇంకా చేతికి రాని డబ్బు. ఉత్తర్వులో భావి ఆదాయం అన్నారు. భవిష్యత్తు చెప్పడానికి ఆస్పత్రికి ఏం అధికారం ఉంది?"

శర్మగారు అప్పటికే సంచిలోంచి పంచాంగం తీశారు. "నీదే రాశమ్మా?"

"వృషభం అంటారండి."

"ఆదాయం ఎనిమిది, వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం ఒకటి, అవమానం అయిదు."

"ఎనిమిది వేలాండి?" అన్నాడు అప్పారావు కలం పట్టుకుని.

"పంచాంగంలో వేలు ఉండవు. ఎనిమిది, అంతే."

ఫారంలో అవమానానికి కాలమ్ లేకపోవడం సంఘానికి వెలితిగానే తోచింది. ఆ కాలమ్ ఉంటే వీరవేణి పంచాంగం అవసరం లేకుండానే నింపి ఉండేది.

పితృ ఋణం పెద్ద తగాదా లేకుండా తేలిపోయింది. తండ్రి లేడు, ఏటా తద్దినం పెడుతున్నారు, వాయిదాలు సక్రమంగా కడుతున్నట్టే అని రాసుకున్నారు. మిగిలింది తల్లి ఋణం. దానికి శర్మగారు పుస్తకం తియ్యలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు.

"ఏడేడు జన్మలెత్తినా తీర్చలేనిది. ఇందులో లెక్క లేదు."

ప్రిన్సిపాల్ గారు ఆ మాటే మండలి వెబ్‌సైటులో ఎక్కించమన్నారు. అది అంకెలు తప్ప అక్షరాలు తీసుకోలేదు. గడిలో పట్టినన్ని తొమ్మిదులు కొట్టించారు. వెంటనే తెర ఎర్రబడి, "ఆదాయము ఋణమునకు చాలదు. పట్టా నిలుపుదల చేయడమైనది" అని వచ్చింది. తరవాత ఎక్స్‌రే చదివిన కుర్రాడికీ అదే వచ్చింది, ల్యాబు చదివిన పిల్లకీ అదే వచ్చింది. తల్లి ఉన్న ప్రతివాడికీ పట్టా ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ గారు మండలి జాయింట్ డైరెక్టరు వసుంధరాదేవి గారికి ఫోను చేశారు. ఆవిడ ఫోనులో కూడా ఉత్తర్వు చదువుతున్నట్టే మాట్లాడతారు.

"తీర్చలేని ఋణమనెడి వెసులుబాటు వెబ్‌సైటునందు లేదండీ ప్రకాశరావు గారూ. తీరినదా, తీరలేదా, రెండే. తీరనిచో పట్టా లేదు. తీరినచో ఋణదాతయైన మాతృమూర్తి స్వయముగా హాజరై, తీరినదని రాతపూర్వకముగా ధ్రువీకరించవలెను. ఇందుకొక శిబిరము ఏర్పాటు చేయండి. ఫొటోలు పంపండి."

కాలేజీ ఆవరణలో షామియానా వేశారు. "మాతృ ఋణ విముక్తి శిబిరం" అని బ్యానరు కట్టారు. తల్లులందరికీ మజ్జిగ ప్యాకెట్లు పంచారు. పిల్లలకి పట్టాలిచ్చే పండగ కాబోలనుకుని ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని వచ్చారు. మంగాయమ్మ షెడ్డుకి సెలవుపెట్టి, ఎంత సబ్బు రాసినా పోని రొయ్యల వాసన చేతులు కొంగులో దాచుకుని ముందు వరసలో కూర్చుంది. శర్మగారు స్వయంగా కూర్చిన వాక్యాన్ని అప్పారావు మైకులో చదివాడు.

"నాకును నా సంతానమునకును గల ఋణము నేటితో తీరిపోయినది."

షామియానా కింద మజ్జిగ తాగే చప్పుడు కూడా ఆగిపోయింది. తెలుగు ఇళ్ళల్లో ఆ మాట ఎప్పుడంటారో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. చదివిన అప్పారావుకీ తెలుసు. తెలియనిది సంఘం ఒక్కదానికే. మంగాయమ్మ లేచి నిలబడింది.

"ఏవండీ, ఇంకోపాలి సదవండి."

అప్పారావు ఇంకోసారి చదివాడు. గొంతు కాస్త తగ్గింది.

"ఎవరండీ ఇది రాసింది? ఆరికి పిల్లాజెల్లా లేరా? మా ఆయన పోయిన్నాడు శవం పక్కన కూకుని అన్నానండీ ఈ మాట. ఋణం తీరిపోయింది, ఎల్లిపోయాడని. బతికున్న పిల్లని ఎదురుగా నిలబెట్టి ఆ మాట కింద సంతకం ఎట్టమంటారా? మీ పట్టా మీరే ఎట్టుకోండి. నేనెట్టను."

మజ్జిగ ప్యాకెట్లు కుర్చీల మీద వదిలేసి తల్లులంతా ఆవిడ వెనకే నడిచారు. శిబిరం విజయవంతమైందనీ, హాజరు నూటికి నూరు శాతమనీ, సంతకాలు మాత్రం శూన్యమనీ ప్రిన్సిపాల్ గారు ఫొటోలతో సహా నివేదిక పంపారు.

వీరవేణి పరిగెత్తుకుంటూ వచ్చి దారిలో తల్లిని అందుకుంది.

"ఉత్త కాయితమే కదమ్మా. ఎల్లుండి ఒకటో తారీఖు."

"ఉత్త కాయితమైతే ఆళ్ళకెందుకంట అంత పట్టుదల?"

"నువ్వు సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. నేనూ నీ పక్కన పీటేసుకుని రొయ్యలు వలుస్తాను. అలా తీర్చుకోనా నీ ఋణం?"

పిల్ల అన్న మాట మంగాయమ్మకి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. తను రొయ్యలు వలిచింది ఆ పిల్ల రొయ్యలు వలవకూడదనే. సంతకం పెడితే పిల్లకి ఏమౌతుందోనని భయం, పెట్టకపోతే ఏమౌతుందో ఎదురుగా కనపడుతోంది. మర్నాడు షెడ్డుకి వెళ్ళిందే గాని చెయ్యి పని మీద నిలవలేదు.

ఆ పొద్దున్నే పక్క పీట మనిషి నోటు తిరగరాయించుకుంటోంది. గుమస్తా పాత నోటు తీశాడు. దానిమీద అడ్డంగా "చెల్లు" అని రాశాడు. నిలువునా చింపాడు. కొత్త కాగితం తీసి అదే అప్పు, అదే వడ్డీ, ఇవాళ్టి తేదీతో రాసి సంతకం తీసుకున్నాడు. మంగాయమ్మ చేతిలో రొయ్య అలాగే ఉంది.

"చెల్లని రాశారు కదా, ఏం చెల్లిందండీ?" అంది గుమస్తాతో.

"ఏం చెల్లుద్దమ్మా, కాయితం చెల్లింది. బాకీ ఎక్కడికి పోద్ది?"

మంగాయమ్మ చేతులు కడుక్కుని తిన్నగా ఇంటికొచ్చింది. "లేవే వేణీ. పద, సంతకం ఎడతాను," అంది.

"ఏమైందమ్మా?"

"నీకెందుకు? పద."

వాళ్ళు వెళ్ళేసరికి సంఘం సమావేశంలోనే ఉంది. భత్యం ఉన్నన్నాళ్ళూ సంఘం ఎక్కడికీ పోదు. మంగాయమ్మ చూపించినచోట సంతకం పెట్టింది. పెడుతున్నప్పుడు పెదాలు ఏదో దేవుణ్ణి తలచుకున్నాయి. అప్పారావు వెబ్‌సైటులో "తీరినది" నొక్కాడు. తెర పచ్చబడింది. ప్రింటరు గుర్రుమంటూ పట్టా కక్కింది. ప్రిన్సిపాల్ గారు సంతకం చేసి, "ఋణవిముక్త" అన్న కొత్త ముద్ర వేసి, వీరవేణి చేతికివ్వబోయారు.

సరిగ్గా అప్పుడే మంగాయమ్మ కొంగు ముడి విప్పి ఒక ఇరవై కాగితం తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఇదుగో, తీసుకో. కొత్తది మొదలు. ఇది మాత్రం నువ్వు జన్మలో తీర్చకూడదు."

ప్రిన్సిపాల్ గారి చెయ్యి పట్టాతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆగండాగండి! సంఘం సమక్షంలో మళ్ళీ ఋణం ఏర్పడింది. పైగా తీర్చకూడదని షరతు. శర్మగారూ, ఇదేమవుతుంది?"

"నవీన మాతృ ఋణం!" అన్నారు శర్మగారు, ఇంకొక నెల భత్యం కళ్ళముందు కదలాడగా. "మళ్ళీ మొదటినుంచి నిర్ధారించాలి."

వీరవేణి తల్లివంక చూసింది. ఏం చేశావమ్మా అన్నట్టుంది ఆ చూపు. అప్పారావు బల్ల వెనకనుంచి లేచాడు. ఆ ఆఫీసులో ఎవరూ పిలవకుండా ఆయన లేవడం అంతకుముందు చూసినవాళ్ళు లేరు.

"అమ్మా, ఆ ఇరవై ఏ పద్దు కింద ఇచ్చారండి?"

"పద్దేటండీ? చేబదులు."

"చేబదులంటే?"

"అప్పండీ. అప్పు తెలీదా?"

అప్పారావు ప్రిన్సిపాల్ గారివైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "సార్, ఆవిడిచ్చింది అప్పంటున్నారండి. ఋణం వేరు, అప్పు వేరని తమరే సెలవిచ్చారు. ఫైల్లో ఎక్కించమంటే ఎక్కిస్తాను. కాని అప్పు అని రాస్తే ఆ పత్రం చెల్లదని కింద గమనిక ఉందండి."

ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు తెప్పించుకుని గమనిక చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. శర్మగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

"అంటే ఇప్పుడు ఇక్కడ ఏమీ జరగలేదన్నమాట."

"ఏమీ జరగలేదండి."

"అయితే ఇచ్చెయ్," అంటూ పట్టా అప్పారావుకి అందించారు.

సాయంత్రానికి ఈ సంగతి ఊరంతా పాకింది. మిగతా తల్లులు కూడా వచ్చి, పళ్ళు బిగబట్టి సంతకాలు పెట్టి, అక్కడికక్కడే పిల్లల చేతుల్లో పదో పరకో పెట్టి నోట్లు తిరగరాసుకున్నారు. విద్యార్థుల ఋణాలన్నీ తీర్చిన మొదటి కాలేజీ అని మండలి వారు చినగరువుని మెచ్చుకుని, ప్రకాశరావు గారికి శాలువా కప్పారు. పిల్లల అసలు అప్పులెంతో ఆ సభలో ఎవరూ అడగలేదు, అడగడానికి ఆ మాట లేదు కదా. అప్పారావు పెన్షను మాత్రం ఇంకా రాలేదు. ఋణారావు అనేవాడు సర్వీసు రిజిస్టర్లో లేడు, అప్పారావు అని రాసిన పత్రం చెల్లదు.

పట్టా వచ్చిన ఆ మధ్యాహ్నమే అది పట్టుకుని తల్లీకూతుళ్ళు బస్సు స్టాండుదాకా నడిచారు. ఎండ మండిపోతోంది. వీరవేణి ఆ ఇరవై పెట్టి రెండు గోళీ సోడాలు కొంది. డబ్బు ఖర్చయిపోయింది, అప్పు మిగిలింది.

"ఆ ముద్రలో ఏం రాశాడే?" అంది మంగాయమ్మ, సోడా సీసా దించి.

"పాసయ్యానని రాశాడు."

"మంచిది." మూతి తుడుచుకుని ఆవిడ కూతురి చెంప నిమిరింది. ఆ చేతికి రొయ్యల వాసన వేస్తూనే ఉంది. "చూడు, నోటుకి మూడేళ్ళే బలం. ఈలోపు రాకపోతే కాలదోషం పట్టిపోద్ది. వచ్చి తిరగరాయించుకెల్తా ఉండు."

"మూడేళ్ళకోసారా?"

"మూడేళ్ళెందుకే, నా మొహం! నెలకోపాలి రా."